లెంపల పేజీ

ఆమెను ఇంట్లో అక్క అంటారు, దుకాణంలో మేడమ్ అంటారు, అరుగు మీద మాత్రం భూతద్దం అంటారు. మూడింటిలో ఆమెకు నచ్చిన పేరు మూడోదే. మొదటి రెండూ ఎవరికైనా దక్కుతాయి. మూడోదాన్ని తొమ్మిదేళ్ళు కష్టపడి సంపాదించుకుంది.

అరుగంటే నిజం అరుగు కాదు. ‘దీపాలవాడు’ అనే వీడియో గేమంటే పడిచచ్చేవాళ్ళు ఇంటర్నెట్లో పెట్టుకున్న కబుర్ల చోటు. ఆ గేములో ఒక మనిషి నీట మునిగిన ఊళ్ళో పడవేసుకుని తిరుగుతూ దీపాలు వెలిగిస్తుంటాడు. అంతే కథ. వినేవాళ్ళకి ఇందులో ఏముంది అనిపిస్తుంది, ఆడినవాళ్ళకి ఇంకేదీ రుచించదు. రెండు భాగాలు వచ్చాయి. రెండో భాగం చివర్లో వరద వచ్చి దీపాలవాడి బామ్మ ఇల్లు కొట్టుకుపోతుంది, బామ్మ కళ్ళజోడు నీళ్ళలో తేలుతూ కనబడుతుంది, గేము అయిపోతుంది. అప్పటినుంచి తొమ్మిదేళ్ళుగా అరుగు రెండు ముఠాలైంది. బామ్మ పోయిందనేవాళ్ళు కొందరు, బతికే ఉందనేవాళ్ళు కొందరు. పెళ్ళిళ్ళయి పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు కూడా ఈ విషయంలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారంటే నమ్మండి. భూతద్దం బతికుందనే ముఠాకి పెద్ద.

మూడో భాగం గురించి రోజుకొక పుకారు పుట్టేది. అదిగో పులి అంటే ఇదిగో తోక అనే జనం కదా, అందుకని అరుగు ఒక కట్టుబాటు పెట్టుకుంది. ఏ వార్త వచ్చినా ముందు ‘గాలి’ అనే గదిలో పడేస్తారు. ముగ్గురు తూనికవాళ్ళు దాన్ని తిరగేసి మరగేసి చూసి, ముగ్గురూ సరే అంటేనే ‘నిక్కం’ అనే గదిలోకి ఎక్కుతుంది. తూచినవాళ్ళ మాట తప్పని తేలితే, వాళ్ళే స్వయంగా ‘లెంపల పేజీ’లో రాసుకోవాలి. ఏం తప్పు చూశాను, ఎలా తప్పు చూశాను, అని. సాకులు రాస్తే చెరిపేసి మళ్ళీ రాయిస్తారు. తూనికవాళ్ళలో మిగిలిన ఇద్దరు, ముక్కుసూటి ఒకడు, కాకిలెక్క ఒకడు, ఆ పేజీలో ఇంటి అరుగు మీద కూర్చున్నంత చనువుగా కూర్చున్నవాళ్ళే. భూతద్దం పేరు మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. ఆమె మర్చిపోయిన రోజున అరుగు గుర్తుచేసేది.

అరుగుకి తెలియని సంగతి ఒకటుంది. భూతద్దం తమ్ముడు ఆ గేము తయారుచేసే కంపెనీలోనే పనిచేస్తాడు. తయారవుతున్న గేముని పొద్దస్తమానం ఆడి, ఎక్కడ గోడలోంచి చెయ్యి దూరిపోతోందో, ఎక్కడ పడవ గాల్లోకి లేస్తోందో పట్టుకుని రాసిచ్చే పదకొండుమందిలో అతనొకడు. చేరిన రోజునే ఎవరికీ ఏమీ చెప్పనని సంతకం పెట్టాడు. ఆ రోజునుంచి ఇంట్లో చెప్పులు గుమ్మం బయట వదిలినట్టు ఆ గేము మాట కూడా బయటే వదిలేయాలని అక్కే కట్టడి చేసింది. వాళ్ళ నాన్న చనిపోయిన ఏడు, పన్నెండేళ్ళ తమ్ముడూ ఇరవై ఏళ్ళ అక్కా ఒకే తెర ముందు కూర్చుని, చిక్కుముళ్ళు ఆమె విప్పుతుంటే మీటలు వాడు నొక్కుతుంటే, ఆ సెలవులన్నీ అలాగే గడిపారు. అలాంటివాళ్ళు ఇప్పుడు ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తింటూ దాని గురించి నోరు మెదపకపోవడం ఎంత కష్టమో ఆ ఇద్దరికే తెలుసు.

ఒక మంగళవారం గాలి గదిలో ఒక ఫోటో పడింది. పెట్టినవాడు కొత్తగా వచ్చినవాడు, పేరు గోడమీద పిల్లి. మసకమసగ్గా, తెరను ఫోనుతో తీసినట్టుంది. ఒక బల్ల, వెనక గోడకి అంకెల్లేని గడియారం, పైన వేలాడే దీపం, బల్ల మీద మడిచిపెట్టిన కళ్ళజోడు. బామ్మ కళ్ళజోడు.

అరుగు అట్టుడికిపోయింది. పోయిందనేవాళ్ళు ఇది దొంగ ఫోటో అన్నారు. బతికుందనేవాళ్ళు అప్పటికే ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటున్నారు. ముక్కుసూటి ఒక్కడే పనికొచ్చే ప్రశ్న అడిగాడు. పట్టుబడకుండా ఉండాలని ఫోటోని కుడి ఎడమలు తిరగేసి పెట్టాడేమో, అలాంటప్పుడు దీన్ని రెండో భాగంలో బామ్మ గదితో పోల్చి లాభం లేదు కదా అని. కళ్ళజోడు విషయం కనక భూతద్దం చూసి చెప్పాలని తీర్మానించారు.

ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం సన్నటి గొట్టంలా ఉంటుంది. కళ్ళ పరీక్ష చేసే గదిలో కుర్చీకి, ఎదుటి గోడకి మధ్య చాలినంత దూరం లేదు. అందుకని అక్షరాలు చూపించే తెరను కుర్చీ వెనక గోడకి బిగించి, ఎదురుగా నిలువెత్తు అద్దం పెట్టారు. కూర్చున్నవాళ్ళు అద్దంలో చూసి చదువుతారు. తెరమీద అక్షరాలు తిరగేసి పడతాయి, అద్దంలో సరిగ్గా కనబడతాయి. పన్నెండేళ్ళుగా అదే గది, అదే అద్దం. అద్దంలో కనబడేదే అసలు గది అన్నంతగా ఆమెకి అలవాటైపోయింది.

బుధవారం మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు ఆ ఫోటోని వెనక తెర మీద పెద్దగా వేసి, తను కుర్చీలో కూర్చుని అద్దంలో చూసింది. దూరంనుంచి చూస్తే మసక తగ్గి ఆకారం నిలబడుతుంది, అది పని నేర్పిన కిటుకు. కళ్ళజోడు కాడలు చూసింది. చాలా ఫ్రేములు ఎడమ కాడ ముందు మడిచి దానిమీద కుడి కాడ వాల్చేలా చేస్తారు. రివర్సులో మడిస్తే కాడలు సరిగ్గా సర్దుకోవు. బామ్మ కళ్ళజోడు కూడా అలాగే ఉండేదని రెండో భాగం వచ్చినప్పుడే ఆమె అరుగు మీద రాసి, ఆ బొమ్మ గీసిన మనిషిని మెచ్చుకుంది. ఇప్పుడూ అలాగే ఉంది. కింద ఎడమది, పైన కుడిది. అరుగు తీర్పులకోసం ఉంచుకున్న తూకం పుస్తకం తీసి పెన్సిలుతో ఏమేం కనబడ్డాయో రాసుకుంది. సాయంత్రం అరుగు మీద తీర్పు చెప్పింది. కళ్ళజోడు మడత సరిగ్గా ఉంది కనక ఫోటో తిరగెయ్యలేదు, కళ్ళజోడు బామ్మదే, అని. ఇంత చిన్న సంగతి పట్టుకున్నందుకు శత్రు ముఠా కూడా దణ్ణం పెట్టింది. ఫోటో నిక్కం గదిలోకి ఎక్కింది. ఆ రోజు ఆమె ఆనందానికి అంతులేదు, బామ్మ తమ ఇంటి మనిషయినట్టు.

ఆ ఆనందంలో ఒక సంగతి ఆమె పట్టించుకోలేదు. కట్టడి తప్పి తమ్ముడు ఆ రెండు రోజులూ అడిగాడు. “ఏమంటున్నారు మీ వాళ్ళు?” అని ఒకసారి, “నువ్వు కూడా చూశావా?” అని ఒకసారి.

మర్నాటి గురువారం కాదు, ఆ పై గురువారం, తమ్ముడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఇక దాచి లాభం లేదు కనక, అన్నం ముందు కూర్చుని వాడే చెప్పాడు. ఫోటో బయటికిచ్చిన మనిషి దొరికిందిట. పదకొండుమందికి ఇచ్చిన గేములో, ఎవరికీ చెప్పకుండా, ఆ గదిలో గడియారానికి పదకొండు రకాల టైములు పెట్టారు. ఫోటోలో అయిదుకి పది తక్కువ ఉంది. అది చుట్టుజుట్టమ్మాయి గేములో టైము. వాడి పక్క కుర్చీలో కూర్చునే ఉంగరాల జుట్టు అమ్మాయికి ఇంట్లో పెట్టుకున్న పేరది, అక్క దగ్గరే కళ్ళజోడు చేయించుకుంది. ఆఫీసుకి రంగులేస్తున్నారని వారం రోజులు అందరికీ గేము ఆడే మిషన్లు ఇళ్ళకిచ్చి పంపారు, అప్పుడు తీసి ఉంటుందని తేల్చారు. పొద్దున్నే ఇంటికి పంపేశారు.

అమ్మకి గేము గొడవ పట్టదు గానీ టైము గొడవ పడుతుంది. రైల్వేలో ఎంక్వయిరీ కిటికీ దగ్గర ముప్ఫయ్యేళ్ళు కూర్చున్న మనిషి.

“మరి నీ గడియారం ఎంత చూపిస్తోందిరా?” అని అడిగింది.

“ఏడూ పది.”

“మా ప్యాసింజరు టైము. ఒక్కనాడూ ఆ టైముకి రాలేదు,” అని అమ్మ నవ్వింది.

తమ్ముడు నవ్వలేదు. అక్క కూడా నవ్వలేదు. ఏడూ పది అనే మాట ఈమధ్యే ఎక్కడో చూసినట్టుంది, ఎక్కడో గుర్తు రాలేదు. పంటి కింద రాయిలా రాత్రంతా అదే.

శుక్రవారం దుకాణం తలుపు తియ్యగానే తూకం పుస్తకం తీసింది. తన చేతిరాతే. ‘బల్ల. దీపం. కళ్ళజోడు, మడత సరి. గోడ గడియారం 7:10.’ ఫోను తీసి ఫోటో చూసింది. అయిదుకి పది తక్కువ. మళ్ళీ పుస్తకం చూసింది. తొందరలో తప్పు రాసుకున్నానేమో అనుకుంది. అనుకుంది గానీ నమ్మలేదు, ఎందుకంటే తొందరలో రాసుకునే అలవాటు ఆమెకి లేదు.

పదకొండింటికి ఎవరొచ్చారనుకున్నారు, చుట్టుజుట్టమ్మాయే. మొహం ఉబ్బి ఉంది. ఏడ్చి ఏడ్చి తుడుచుకోవడంలో కళ్ళజోడు ముక్కు దగ్గర తునిగిందిట. కూర్చోమంటే కూర్చుంది, అడగకుండానే చెప్పుకుంది. తను తియ్యలేదని ఎన్ని విధాలుగా చెప్పినా వినలేదుట. సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి మళ్ళీ రమ్మన్నారు, ఆ రోజు చేతిలో కాగితం పెట్టి పంపేస్తారు. ఒకసారి దొంగ అనిపించుకున్నాక ఈ పనిలో ఇంకెవరూ గుమ్మం ఎక్కనివ్వరు.

“మాలో ఒకతను అడిగాడు మేడమ్, గడియారానికి అంకెల్లేవు కదా, ఫోటో తిరగేసి పెట్టారేమో చూడండి అని. మా టీమ్ లీడరు నవ్వేశాడు. ఆ ఫ్యాన్సులో భూతద్దం అని ఒకరున్నారట. కళ్ళజోడు మడతతో సహా చూసి తిరగెయ్యలేదని రాశారట. తొమ్మిదేళ్ళలో ఒక్క తప్పు చెప్పని మనిషి చెప్పాక ఇంక మనం చూసేదేముంది అన్నాడు.”

ఆ గది ఆయన మిషన్లోనే ఉంది, తెరిచి చూసుకుంటే అర నిమిషం పని. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యికోసం ఊరంతా తిరిగిన ఘనుడు. కానీ అక్కకి అప్పుడు ఆయన్ని తిట్టుకునే తీరిక లేదు.

“మీ ఆఫీసువాళ్ళు ఫోన్లు చేశారా?” అని అడిగింది, ఏదో ఒకటి అడగాలని.

“అందరూ చేశారు. మీ తమ్ముడు తప్ప.”

ఆ అమ్మాయి కళ్ళజోడు తీసి, ముందు కుడి కాడ మడిచి, దానిమీద ఎడమది నొక్కి, అక్క చేతిలో పెట్టింది. కాడలు సర్దుకోక ఎగిరి నిలబడ్డాయి. అక్క వేళ్ళు వాటంతట అవే విప్పి, ఎడమది ముందు మడిచి, కుడిది దానిమీద వాల్చాయి. రోజుకి యాభైసార్లు చేసే పని. ఆ పని చేస్తూనే ఫోనులో ఫోటో వైపు చూసింది. అద్దంలో కాదు, నేరుగా. బామ్మ కళ్ళజోడు కాడల్లో కింద కుడిది ఉంది, పైన ఎడమది ఉంది.

అప్పుడు అర్థమైంది. ఆ తెరమీద అక్షరాలంటే తిరగేసి పడతాయి కనక అద్దంలో సరిగ్గా కనబడతాయి. తను వేసిన ఫోటోని తిరగెయ్యమని తెరకి ఎవరు చెప్పారు? తిరగేసి పెట్టిన ఫోటోని అద్దం మళ్ళీ తిరగేసి, సరిచేసి, తన కళ్ళకి చూపించింది. మడత సరిగ్గా కనబడింది. గడియారం ఏడూ పది కనబడింది. అదే అసలు టైము. దాన్ని తన చేత్తోనే రాసుకుని, తన నోటితోనే ఫోటో తిరగెయ్యలేదని లోకానికి చెప్పింది.

ఏడూ పది ఎవరిదో నిన్న రాత్రి అన్నం ముందు విన్నది.

కళ్ళజోడుకి కొత్త ఫ్రేము ముక్క తెప్పించాలి, మంగళవారం రండి, అని అమ్మాయిని పంపించింది. సంచీలో ఉన్న ఇంకో పాత జోడు పెట్టుకుని ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మీరు ఓపిగ్గా విన్నారు అని అక్క చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించేంత సిగ్గేసింది ఆమెకి.

శని, ఆది రెండు రోజులూ అక్క తమ్ముణ్ణి చూస్తూనే ఉంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనబడుతుంది. వాడు కడుపునిండా తింటే ఎంత మొండి గుండె అనుకుంది, తినకపోతే తప్పు చేసినవాడికి ఆకలెలా వేస్తుంది అనుకుంది. ఫోను బోర్లా పెడితే ఒక అనుమానం, వెల్లకిలా పెడితే ఒక అనుమానం. మెట్ల మీద వాడి అడుగుల చప్పుడు కూడా దొంగడుగుల్లా వినబడింది. ఒకవేళ వాడు కాదేమో, గదిలోకి ఇంకెవరో వచ్చి తీశారేమో అని కూడా ఆలోచించింది. ఇంట్లో ఉన్నది ముగ్గురు. ఒకరు అమ్మ, ఆమెకి ఫోనులో ఫోటో తియ్యడమే రాదు. ఇంకొకరు తను.

ఆ రెండు రోజుల్లో ఇంకొక ఆలోచన కూడా వచ్చింది. కాడల మడత చూసి చెప్పగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. తను నోరు మూసుకుంటే లెంపల పేజీలో పేరెక్కదు, తమ్ముడి ఉద్యోగం ఉంటుంది, ఇంటి పరువు ఇంట్లోనే ఉంటుంది. కడుపు చించుకుంటే కాళ్ళమీదే కదా పడేది. ఈ ఆలోచన ఒకసారి కాదు, చాలాసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ చుట్టుజుట్టమ్మాయి చెయ్యి గుర్తొచ్చింది.

ఆదివారం సాయంత్రం తమ్ముడు డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే అక్క పైకి వెళ్ళింది. తీగ మీద దుప్పటికి అటువైపు వాడు, ఇటువైపు ఆమె.

“ఆ పిల్లివి నువ్వేనా?” అంది.

ఏ పిల్లి అని వాడు అడగలేదు. క్లిప్పులు తీసి ఒక్కొక్కటే డబ్బాలో వేశాడు.

“ఎందుకురా?”

“బామ్మ కళ్ళజోడు అక్కా,” అన్నాడు. “రెండో భాగం అయిపోయిన రోజు నువ్వెంత ఏడ్చావో నాకు గుర్తుంది. ఆ గదిలోకి వెళ్ళి బల్లమీద అది చూడగానే నీకు చెప్పాలనిపించింది. పక్క గదిలోనే ఉన్నావు, చెప్పకూడదు. అక్కడ పెడితే నువ్వే చూస్తావు కదా అనుకున్నాను. తిరగేస్తే అందులో ఏ గుర్తులున్నా పట్టుకోలేరనుకున్నాను.”

దుప్పటి మధ్యలో ఉండబట్టి సరిపోయింది. ఆమె మొహం వాడికి కనబడలేదు. తనకోసం చేశాడన్న మాట ఆమెకి తియ్యగా ఉంది. ఆ తియ్యదనం మీద ఆమెకే కోపమొచ్చింది.

“ఆ అమ్మాయి సంగతి?”

“గడియారాల సంగతి మాకెవరికీ తెలియదు. పట్టుకున్నాకే చెప్పారు.”

“చెప్పాక నాలుగు రోజులైంది.”

“నోరు రాలేదక్కా.” బుట్టలో బట్టలు సర్దుతూ అన్నాడు, “ఆ మడత నీకు తప్ప ఎవరికీ కనబడదు.”

రెండు రోజులుగా తను అనుకున్న మాటే వాడి నోట వచ్చేసరికి ఆమెకి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే గడువు పెట్టింది. “రేపు పన్నెండు దాకా చూస్తాను. ఈలోపల నువ్వే వెళ్ళి చెప్పు. లేకపోతే నేను లెంపల పేజీ రాస్తాను.”

“నువ్వు రాస్తే నా పేరు చెప్పినట్టే.”

“అవును.”

వాడు బట్టల బుట్ట ఎత్తుకుని కిందికి దిగిపోయాడు.

సోమవారం పొద్దున్న వాడు రోజూ తీసుకెళ్ళే చిన్న సంచీ కాకుండా ప్రయాణాలకి వాడే పెద్ద సంచీ భుజానికేసుకుని బయల్దేరాడు. అది ఖాళీగా ఉంది. ఎక్కడికిరా అంత సంచీ అని అమ్మ అడిగితే పనుంది అన్నాడు. అక్క వైపు చూడలేదు.

దుకాణంలో కూర్చుందే గానీ ప్రాణం స్థిమితంగా లేదు. పదింటికి ఫోన్ చేసింది, మోగి మోగి ఆగిపోయింది. ఆఫీసులో ఫోన్లు గుమ్మం దగ్గర పెట్టెలో పెట్టి లోపలికి వెళ్ళాలని ఆమెకి తెలుసు. ఏళ్ళతరబడి తెలిసిన సంగతి ఆ పూట గుర్తు రాలేదు. పదిన్నరకి ఇంకోసారి, పదకొండుకి మరోసారి. అరుగు తెరిచి చూస్తే గోడమీద పిల్లి పేరు లేదు. తన ఖాతా తనే తీసేసుకుని పోయింది.

ఇంక ఆమె మనసు ఆగలేదు. ఆనవాళ్ళు చెరుపుకుంటున్నాడు. పెద్ద సంచీతో ఎటో ఉడాయిస్తున్నాడు. లేదా ఆఫీసులో ఏమీ ఎరగనట్టు కూర్చుని ఆ అమ్మాయి చేతిలో కాగితం పెట్టేదాకా చోద్యం చూస్తున్నాడు. పన్నెండుకి ఆ అమ్మాయిని పిలుస్తారు. పన్నెండు దాటాక నిజం చెప్పి ఎవరికి లాభం? వాడు మంచివాడైతే ఈపాటికి చెప్పేసి ఉండేవాడు, చెప్పలేదు కనక మంచివాడు కాదు, అని లెక్క కట్టింది. కాకిలెక్క కూడా అంత కాకిలెక్క కట్టడు.

పదకొండున్నరకి లెంపల పేజీ తెరిచింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. సాకులు లేకుండా నాలుగు వాక్యాలు రాసింది.

‘ఫోటో తిరగెయ్యలేదని నేను చెప్పిన మాట తప్పు. పరీక్ష గది అద్దంలో చూసి, అద్దం సంగతే మర్చిపోయాను. కళ్ళజోడు మడత తిరగబడి ఉంది, కనక ఫోటో తిరగేసిందే. గడియారంలో అసలు టైము ఏడూ పది.’

తరవాత ఒక్కొక్కరే వచ్చి మెచ్చుకోవడం మొదలుపెట్టారు. తప్పుని ఇంత నిజాయితీగా ఒప్పుకున్నవాళ్ళు లేరని ముక్కుసూటి రాశాడు. ఆ మెప్పులు చదవలేక ఆమె ఫోను సొరుగులో పడేసింది.

మూడింటికి తమ్ముడు దుకాణానికే వచ్చాడు. పెద్ద సంచీ ఇప్పుడు నిండుగా ఉంది. మంచినీళ్ళ సీసా, చలికోటు, చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు, బల్లమీద పెట్టుకునే చిన్న ఇత్తడి దీపం. పని పోతుందని తెలిసే పొద్దున్న సంచీ పట్టుకెళ్ళాడు. బస్సులో కూర్చుని, ఇంక పిల్లి గోడ దిగాలి కదా అని ఖాతా తీసేశాడు. పదింటికి ఫోను పెట్టెలో పెట్టి, టీమ్ లీడరు గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ఏదో మీటింగు. తరవాత రమ్మంటే కదలనని, ఈ పూటే చెప్పాలని, గంటన్నరకి పైగా అక్కడే కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో మాటలు కూడా కూర్చుకున్నాడు. పదకొండూ నలభైకి తలుపు తెరుచుకుంది.

“నేను నోరు తెరిచేలోపలే ఆయన చేతిలో ఫోనుందక్కా, లీడర్లకి ఆ పెట్టె రూలు లేదు. నీ లెంపల పేజీ చదువుతున్నాడు. నేనే చెబుదామని వచ్చానండీ అన్నాను. దొరికాక అందరూ అదే అంటారన్నాడు.” పని పోయినందుకు వాడు బాధపడుతున్నట్టు లేదు. “ఆ అమ్మాయి అప్పుడే వచ్చింది. పక్కనే నిలబడి విన్నది. నావైపు చూసిన చూపు...” అని సంచీ కింద పెట్టాడు.

దుకాణంలో ఎవరూ లేరు. పరీక్ష గది తలుపు తెరిచే ఉంది.

“ఎన్నింటికి రాశావు?” అని అడిగాడు.

“పదకొండున్నరకి.”

“పన్నెండన్నావు కదక్కా.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమె ఏదో ఒక జవాబు చెప్పేది, నాలుగు రోజులు నోరు మూసుకున్నది నువ్వు అనేది. వాడు సంచీ ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆమె సాయంత్రందాకా ఆ బల్ల దగ్గరే కూర్చుని, వచ్చిన ఒక్క బేరాన్నీ రేపు రమ్మని పంపించింది.

మంగళవారం చుట్టుజుట్టమ్మాయి కళ్ళజోడు కోసం వచ్చింది. ఉద్యోగం తిరిగి ఇచ్చారు, టీమ్ లీడరు అందరిముందూ క్షమాపణ కూడా చెప్పాడుట. మొహం తేటపడింది. కళ్ళజోడు పెట్టుకుని పరీక్ష గది అద్దంలో చూసుకుంది. తమ్ముడి మాట తనే ఎత్తింది, కోపంగా కాదు, మీరు బాధపడకండి అన్నట్టుగా. నాలుగు రోజులు పక్కనుంచి చూస్తూ ఊరుకున్నాడు, దొరికిపోయాకే ఒప్పుకున్నాడు, అదే మింగుడుపడటం లేదు మేడమ్ అంది.

“లేదమ్మా,” అంది అక్క. “వాడు పదింటికే వచ్చి బయట కూర్చున్నాడు. చెప్పడానికే వచ్చాడు. పన్నెండు దాకా గడువిచ్చి, నమ్మకం చాలక అరగంట ముందే ఆ పేజీ రాసింది నేను. ఆ భూతద్దం నేనే.”

ఆ అమ్మాయి ఆమెకేసి చూసింది. జాలిగా చూసింది. తరవాత కళ్ళజోడు తీసి, ఎడమ కాడ ముందు మడిచి, కుడిది దానిమీద వాల్చి, పెట్టెలో పెట్టుకుంది.

“మీరు అక్క కదండీ,” అంది. “అలాగే చెబుతారు.”